ఎదురుగాలికి రెండు టన్నులు

శుక్రవారం, ఉదయం

శ్రీవారికి,

మీరు కులాసాగా ఉన్నారా అని అడగడం లేదు. ఉన్నారని మీ ఉత్తరాలే చెబుతున్నాయి. ఇక్కడ నేనూ పాపా బతికే ఉన్నాం.

ఈ ఉదయం కూడా ఇద్దరం ఆరు గంటలకల్లా వచ్చి, ప్రయాణికులు బయటికి వచ్చే గాజు తలుపు ఎదురుగా నిలబడ్డాం. ఇలా నిలబడటం ఇది రెండోసారి. పాప చంకలో ఆ గ్లోబు ఉంది. మన విమానాశ్రయం నుంచి మీరున్న విమానాశ్రయం దాకా దాని మీద ఎర్ర దారం అంటించుకుంది. దారాన్ని బిగించి పట్టుకుంటే అదే అన్నిటికంటే దగ్గరి దారి అని నేనే నేర్పాను. ఆ దారం పొడవు పదమూడు వేల నూట యాభై కిలోమీటర్లు. నిన్న మధ్యాహ్నం నుంచి గంటకోసారి గడియారం చూసి దారం మీద గుండుసూది జరుపుతూనే ఉంది, "నాన్న ఇప్పుడు సముద్రం దాటేశారు" అంటూ. చివరి ప్రయాణికుడు వచ్చాడు. పైలట్లు వచ్చారు. ఆఖరికి మన కౌంటరు అబ్బాయి వచ్చి, "స్టాండ్‌బైలో ఎవ్వరికీ సీటు రాలేదంటండి, ఎదురుగాలి ఎక్కువట" అన్నాడు. పాప సూది పీకి మళ్ళీ మీ చివర గుచ్చింది.

ఎదురుగాలి సంగతి నాకు ఒకరు చెప్పాలా? కోపంలో ఉన్నప్పుడు లెక్క మొదటినుంచి చెప్పుకుంటే తప్ప నాకు మనసు కుదుటపడదు కాబట్టి చెప్పుకుంటున్నాను, ఓపిక ఉంటే చదవండి. ఇటునుంచి అటు వెళ్ళేటప్పుడు పైనున్న పెద్దగాలి విమానాన్ని వెనకనుంచి తోస్తుంది, పద్నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో దింపేస్తుంది. అటునుంచి ఇటు వచ్చేటప్పుడు అదే గాలి మొహం మీద కొడుతుంది, పదహారు గంటల పది నిమిషాలు. అదే దారం, అదే విమానం, గంటా యాభై నిమిషాల తేడా. ఆ గంటా యాభైకి ఇంధనం ఎక్కువ పోయాలి. ఇంధనం పెరిగితే బరువు పెరుగుతుంది, బరువుకి హద్దు ఉంది కాబట్టి మనుషుల్ని దింపాలి. ముందుగా దిగేది సీటు ఖాళీ ఉంటేనే ఎక్కే మీలాంటి స్టాఫ్ మనుషులు. రోజూ ఈ లెక్క వేసి ప్లాన్ మీద సంతకం పెట్టే మనిషిని నేను. అందుకే ఆఫీసులో నన్ను కొలబద్ద అంటారు, మీరూ అదే పేరు తగిలించారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు వెళ్ళి ఏడాదిన్నర అయింది. మీ ఉత్తరాలన్నీ వరసగా పేర్చి చదివాను. మొదటి నాలుగు ఉత్తరాల్లో ఇంజన్ల గురించి, మీ గదిలో చుక్కలు చుక్కలుగా కారే కొళాయి గురించి రాశారు. అయిదో దాంట్లో "మెట్లెక్కితే వాతావరణం ఆఫీసు, అక్కడ ఒకావిడ ఉంది" అన్నారు. ఆరో దాంట్లో ఆవిడ నాలుగుసార్లు వచ్చింది. పోయిన నెల వచ్చిన దాంట్లో పదిహేడుసార్లు. లెక్క తప్పలేదు, పెన్సిలుతో గీతలు పెట్టి మరీ లెక్కించాను. ఆవిడ గొడుగు ఇచ్చింది. ఆవిడ మీ నల్లకోటుకి ఊడిపోయిన గుండీ కుట్టింది. ఆవిడ చెప్పిందని టీలో పంచదార మానేశారు. పద్నాలుగేళ్ళు నేను మొత్తుకున్నా మూడు చెంచాలకి ఒక్క గింజ తగ్గించని మనిషి, ఆవిడ ఒక్కమాట అనగానే చేదు టీ తాగుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండిందని దాచుకునే అలవాటు నాకు లేదు.

ఇంకో సంగతి ఉంది. ఆవిడ నాకు మీకంటే ముందు తెలుసు. ఆరేళ్ళుగా అక్కడి పైగాలి లెక్కలు నాకు పంపేది ఆవిడే. ఏ ఎత్తున ఏ దిక్కు నుంచి ఎంత గాలి, అంతే, అన్నీ అంకెలు. ఇద్దరం ఎన్నడూ ఒక్క మాట రాసుకోలేదు. అయినా ఉదయం ఆ అంకెలు వస్తే స్నేహితురాలు వచ్చినట్టుండేది. ఆవిడ గాలి ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ఆ కాగితం చూస్తే చాలు, ఈ అంకెలు రాసిన చేత్తోనే కదా ఆ గుండీ కుట్టింది అనిపిస్తోంది. నమ్మకం పోయింది. అయిదు వారాలుగా ఆవిడ చెప్పిన గాలికి పైన ఇంకో రెండు టన్నుల ఇంధనం అదనంగా వేయిస్తున్నాను. పైలట్లు సంతోషంగా సంతకం పెడతారు, ఎక్కువ ఇంధనం వద్దనే పైలట్ ఇంకా పుట్టలేదు. మా పెద్దాయన మాత్రం కళ్ళజోడు పైనుంచి చూసి, "అమ్మాయ్, ఆరేళ్ళు లేని అనుమానం ఇప్పుడెందుకొచ్చింది నీకు?" అన్నారు. నేను విననట్టు తర్వాతి ప్లాన్ ముందుకు లాక్కున్నాను.

మీకు శుక్రవారం తెల్లవారితే మాకు ఇంకా గురువారం మధ్యాహ్నమే. అంటే మీ రోజు ముందు ఆవిడకి అందుతోంది, చూసి వాడుకోగా మిగిలింది నాకు వస్తోంది. ఇలాంటి ఆలోచనలు వస్తాయి నాకు, పాప జడ వేస్తున్నప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్లో మీరు "ఊఁ", "ఆఁ", "చూద్దాం" తప్ప ఏమంటారు? పైగా కోపం వస్తే నేను మాట మధ్యలో పెట్టేస్తాను. కాగితం మీదైతే చివరిదాకా తిట్టొచ్చు.

మీ నాలుగు రోజుల సెలవులో రానూ పోనూ గాలిలోనే రెండు రోజులు పోతాయి, శుక్రవారం విమానం తప్పితే ఇక రావడం దండగ అని నాకూ తెలుసు. రెండు వారాల తర్వాత వచ్చే శుక్రవారం మళ్ళీ ప్రయత్నించండి. ఈసారి రాకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు. నెలాఖరుకి మీరు అక్కడే ఇంకో రెండేళ్ళు ఉంటారో, తిరిగి వస్తారో కంపెనీకి చెప్పాలి కూడా. అది కాగితాల మీద తేలే సంగతి కాదు, మీరు రావాలి.

మీ
కొలబద్ద


శనివారం, మధ్యాహ్నం

శ్రీవారికి,

మళ్ళీ రాలేదు. ఈసారి పాపని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళలేదు, ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక్కదాన్నే అని చూసి కౌంటరు అబ్బాయి కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే నిలబడి తలుపు వైపు చూడటమే నయమనిపించింది. "ఎదురుగాలేనండి" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

మీరు నిన్న సాయంత్రం ఫోన్ చేసి పాపతో అదే మాట చెప్పారు. నేను పక్కనే నిలబడి విన్నాను. "గాలి ఎక్కువగా ఉందమ్మా, మీ అమ్మని అడుగు, ఆవిడకి తెలుసు" అన్నారు. నాకు తెలుసో లేదో చూద్దామని ఈ ఉదయం ఆఫీసుకి వెళ్ళి పాత కాగితాలు తీశాను. మీ శుక్రవారం విమానం, మీరు శుక్రవారం ఎక్కి శుక్రవారమే ఇక్కడ దిగాల్సిన విమానం. శుక్రవారం తారీఖున్న ప్లాన్ తీసి చూశాను. నేను వేసిన రెండు టన్నులు పోను, ఇంకా పదకొండు సీట్లు ఖాళీ. నా చేత్తో రాసిన పదకొండు. అనుమానం వచ్చాక ఒక్కటితో ఆగుతామా? అంతకుముందు మీరు రావలసిన రెండు శుక్రవారాలవీ తీశాను. ఒకరోజు తొమ్మిది ఖాళీ, ఇంకోరోజు పద్నాలుగు.

కాబట్టి మీరు చెప్పింది అబద్ధం. మూడుసార్లూ అబద్ధమే. ఏ ఆడదానికైనా వేరే అబద్ధం చెప్పినా చెల్లుతుందేమో, గాలి లెక్కలు కట్టే పెళ్ళానికి గాలి పేరు చెప్పి అబద్ధం ఆడారు చూడండి, అది నాకు మరీ అవమానంగా ఉంది. అంత తెలివితక్కువదానిలా కనిపించానా?

అక్కడ ఎవరి పక్కన కూర్చుని చేదు టీ తాగుతూ ఆ మూడు సెలవులూ గడిపారో నేను అడగను. ఊహించుకోవడానికి నాకేం కష్టం లేదు. ఆఫీసు కిటికీ, రెండు కప్పులు, ఆవిడ చార్టు మీద వేలు పెట్టి గాలి ఎటునుంచి ఎటు పోతోందో చూపిస్తుంటే మీరు పక్కకి వంగి చూడటం. ఆ చార్టులో గాలి నాకంటే బాగా ఎవరు చూపించగలరు మీకు? పెళ్ళయిన కొత్తలో డాబా మీద ఆరేసిన దుప్పటి చూపించి గాలివేగం ఎంతో చెప్పేదాన్ని. మీరు నోరు తెరుచుకుని వినేవారు. ఇప్పుడు ఆ నోరు తెరుచుకోవడం వేరేవాళ్ళ దగ్గర జరుగుతోందని తలుచుకుంటే అన్నం ముద్ద దిగడం లేదు.

ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటి ఉంది, ఇప్పుడు చెప్పేస్తాను. ఆ పోస్టింగ్ వచ్చినరోజు మీరు వంటగది గుమ్మంలో నిలబడి, "నువ్వు వద్దంటే మానేస్తాను" అన్నారు. నేను గిన్నె తోముతూ, "వెళ్ళండి, నాకేం" అన్నాను. ఆ "నాకేం" అబద్ధం. నేను అడగకుండా మీరే మానేస్తారని ఎదురుచూశాను. మీరు పెట్టె సర్దుకున్నారు. వెళ్ళేముందు, "సెలవులకి పాపని తీసుకుని నువ్వు రా, మనకి కంపెనీ టికెట్ ఉంటుంది కదా" అన్నారు. నేను ఆ మాటకి జవాబే చెప్పలేదు. వెళ్ళిన మనిషి రావాలి, ఉన్నవాళ్ళు ఎందుకు కదలాలి అన్నది నా పట్టుదల. దాన్ని ఆత్మగౌరవం అనుకున్నాను.

సరే, ఇక తేల్చేస్తాను. ఈ కవరులో ఇంకో కాగితం ఉంది చూడండి. మీరు ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండటానికి భార్యకి అభ్యంతరం లేదని ఇవ్వాల్సిన పత్రం. నా గడిలో సంతకం పెట్టాను. మీ గడిలో మీరు పెట్టి ఆఫీసులో ఇచ్చేయండి. రెండేళ్ళు ఏమిటి, మీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉండండి. పాప అడిగితే గాలి ఎక్కువగా ఉందని చెబుతాను, మీరు చెప్పినట్టే.

ఇట్లు,
పాప తల్లి


మంగళవారం

కొలబద్దకి,

నాకు రాయడం చేతకాదని నీకు తెలుసు. విమానం కింద పడుకుని పని చేసేవాడిని, నీలా వరసగా చెప్పలేను. అయినా ఈసారి నేనే చెప్పాలి.

మూడుసార్లూ నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. మూడోసారి సీటు చీటీ చేతికిచ్చి, పెట్టె లోపలికి పంపి, మళ్ళీ వెనక్కి పిలిచారు. పాప కోసం కొన్న రంగుపెన్సిళ్ళ డబ్బా ఆ పెట్టెలోనే ఉంది. పెట్టె వెతికి తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పుడు అక్కడి కౌంటరతను నాకు ప్లాన్ కాగితం చూపించాడు. "గాలి లెక్క ప్రకారం అయితే మీరు ఎక్కేవాళ్ళేనండి, ఈ అదనపు రెండు టన్నులంటే ఇరవై మంది బరువు, అందుకే స్టాండ్‌బై వాళ్ళందరినీ దించాల్సి వచ్చింది" అన్నాడు. కింద నీ సంతకం. కారణం రాసే గడిలో నీ చేతిరాతతో, "గాలి అంకెల మీద నమ్మకం లేదు" అని ఉంది. మొదటిసారీ, రెండోసారీ చూపించిన కాగితాల్లో కూడా అదే ఉంది.

నేనేం అనుకోవాలి చెప్పు. నా సెలవులు ఏ రోజో నీకు తెలుసు. ఆ ప్లాన్ వేసేది నువ్వు. రెండు టన్నులంటే ఎంతమంది దిగుతారో నీకంటే తెలిసినవాళ్ళు లేరు. రావద్దని ఇంతకంటే స్పష్టంగా ఏ భార్యా చెప్పలేదు అనుకున్నాను. ఆ మాట పాపకి ఎలా చెప్పను? అందుకే ఎదురుగాలి అన్నాను. రెండోసారి తర్వాత నువ్వు రాసిన ఉత్తరం చదివాక, ఇది కోపంలో కొలత తప్పడం అయ్యుంటుందిలే, ఈసారి సర్దుకుంటావులే అనుకుని మూడోసారి వెళ్ళాను.

ఇప్పుడు పదకొండు సీట్లు ఖాళీ అంటున్నావు. ఏ తారీఖు కాగితం చూశావో ఒకసారి మళ్ళీ చూడు. మా శుక్రవారం తెల్లవారుజాము విమానం మీ ఫైళ్ళలో ఏ రోజు కింద ఉంటుందో నాకు నేర్పింది నువ్వే.

ఆవిడ గురించి అడగను అన్నావు కాబట్టి చెబుతాను. మంచి మనిషి. చూడటానికి బాగుంటుంది. అబద్ధం ఆడితే నాకు చెవులు ఎర్రబడతాయి, ఉత్తరంలో కనిపించవు కానీ నీకు తెలిసిపోతుంది, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సాయంత్రాలు ఆవిడ దగ్గర కూర్చుని టీ తాగడం నాకు బాగానే ఉండేది. ఎందుకంటే ఇంత పెద్ద ఊళ్ళో నీ గురించి అడిగేది ఆవిడొక్కతే. "ఆ ప్లాన్లు వేసే ఆవిడ ఎలా ఉంటుంది, ఎప్పుడైనా నవ్వుతుందా, ఒక్కసారి కూడా కొట్టివేత లేకుండా ఎలా రాస్తుంది" అని అడిగేది. నేను దుప్పటి చూసి గాలివేగం చెప్పడం గురించి చెప్పాను. అది చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. ఒంటరిగా ఉన్న మనిషిని, అందులో తప్పుంటే తప్పే అను.

నీ రెండు టన్నులు చూశాక ఆవిడ మూడు రోజులు తన పాత చార్టులన్నీ తిరగేసి, ఎక్కడ తప్పు రాశానా అని వెతుక్కుంది. "ఆరేళ్ళు నమ్మిన మనిషికి ఇప్పుడేమైంది?" అని నన్నడిగింది. నాకు జవాబు తెలిసీ చెప్పలేకపోయాను. నువ్వు కోపం తెచ్చుకుంటే నా మీద తెచ్చుకో, ఆవిడ గాలి మీద కాదు.

పత్రం తిప్పి పంపుతున్నాను. నా గడి ఖాళీగానే ఉంచాను. నిజంగా నీకు అదే కావాలంటే మళ్ళీ పంపు, పెడతాను.

గుండీ ఆవిడ కుట్టిన మాట నిజమే. నల్లకోటుకి తెల్లదారంతో కుట్టింది. అందరూ చూసి నవ్వుతున్నారు.

నీ
మెకానిక్కు


గురువారం, మధ్యాహ్నం

ఏమండీ,

ఈ పిలుపుతో ఉత్తరం మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. ఎదురుగా ఉన్నప్పుడు పిలిచే పిలుపు ఇది. కాగితం మీద రాస్తుంటే కొంచెం సిగ్గుగా ఉంది.

మీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి గురువారం తారీఖు కాగితాలు తీశాను. కొత్తగా మా గదిలోకి వచ్చినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఏమిటో తెలుసా? "గాలి తర్వాత చూడు, ముందు తారీఖు చూడు. అక్కడ శుక్రవారమంటే ఇక్కడ గురువారం." మొదటిరోజు వచ్చినవాళ్ళు చేసే తప్పు, పదకొండేళ్ళ అనుభవం ఉన్న నేను మూడుసార్లు వరసగా చేశాను. శుక్రవారం ఎక్కి శుక్రవారం దిగుతారు కదా అని శుక్రవారం ఫైలు తీశాను. నాకు కావలసింది మీరు అబద్ధమాడారని రుజువు. అది దొరికేసరికి తారీఖు వైపు చూడటం మానేశాను.

గురువారం కాగితాల్లో అంతా మీరు చెప్పినట్టే ఉంది. మొదటిసారి స్టాండ్‌బైలో ఆరుగురు, రెండోసారి నలుగురు, మూడోసారి మీరూ ఇంకో ఇద్దరూ. ఆవిడ గాలి లెక్క ప్రకారం వెళ్ళి ఉంటే మూడుసార్లూ అందరూ ఎక్కేవాళ్ళు. విమానం దిగాక ట్యాంకులో ఎంత మిగిలిందో కూడా చూశాను. నేను వేసిన అదనంలో మోయడానికి కాలిన కాస్తా పోను మిగతాదంతా మూడుసార్లూ అలాగే ఉంది. ఆవిడ చెప్పిన సమయానికి, దిగిన సమయానికి నాలుగు నిమిషాలకి మించి తేడా లేదు. ఆవిడని నమ్మలేక మోయించిన బరువు కోసం మిమ్మల్ని దింపాను. దింపి, రాలేదేమని మిమ్మల్నే తిట్టాను. గాజు తలుపు దగ్గర పాప సూది పీకి వెనక్కి గుచ్చడం నా చేతి పనే. ఇది చదువుతూ మీరు నవ్వినా కోప్పడినా నాకు అభ్యంతరం లేదు, రెండూ న్యాయమే.

ఉన్నదున్నట్టు పెద్దాయనకి చెప్పాను. ఆయన ఫైలు మూసి, "అమ్మాయ్, కొన్నాళ్ళు ఆ రూటు బల్ల దగ్గర కూర్చోకు" అన్నారు. అంతకంటే గట్టిగా తిడతారేమో అనుకున్నాను. ఆ బల్ల వదిలే ముందు ఆవిడకి ఒక మాట పంపాను, ఆరేళ్ళలో మొదటిసారి అంకెలు కాని మాట: "తప్పు మీ గాలిది కాదు, నాది." గంట తర్వాత జవాబు వచ్చింది. ఎప్పటిలాగే అంకెలు. చివర మాత్రం ఒక్క వాక్యం: "ఆ దుప్పటి లెక్క ఎలా చేస్తారో నాకు నేర్పాలి." చదివి ఏడుపూ వచ్చింది, కుళ్ళూ వచ్చింది. ఆ దుప్పటి మన డాబా మీదది. దాన్ని మీరు ఊరంతా చెప్పుకుని తిరుగుతారా?

ఇప్పుడు అసలు మాట. మీరు మళ్ళీ రావలసిన శుక్రవారానికి, అంటే ఇక్కడి గురువారానికి, ప్లాన్ నేను వేయనని, పెద్దాయనే వేస్తారని, అదనంగా ఒక్క కిలో కూడా ఉండదని, మీరు ఎక్కి రావచ్చని రాద్దామని కూర్చున్నాను. పక్కనే వెళ్ళే విమానం ప్లాన్ ఉంది, ఇటునుంచి మీ వైపు వచ్చేది. రోజూ రెండూ నేనే వేసేదాన్ని కదా. అందులో ఖాళీ సీట్ల గడి చూశాను. నలభై ఒకటి. ముందురోజు ముప్పై ఎనిమిది. అంతకుముందు రోజు యాభై. వెనకనుంచి గాలి తోస్తుంది కాబట్టి ఆ వైపు ఎవరినీ దించాల్సిన పనే లేదు. ఏడాదిన్నరగా ప్రతిరోజూ ఆ అంకె నా చేత్తోనే రాశాను, రాసి సంతకం పెట్టి పక్కన పడేశాను. ఆ సీట్లలో ఒకటి నాది కావచ్చని ఒక్కరోజు కూడా తోచలేదు. పదహారు గంటల పది నిమిషాలు మొహం మీద గాలి కొట్టించుకుని మీరే రావాలి, పద్నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో గాలి తోస్తుంటే వెళ్ళగలిగిన దాన్ని నేను గాజు తలుపు దగ్గర నిలబడి మిమ్మల్ని లెక్క అడుగుతున్నాను. కొలబద్ద అన్న పేరు నాకు ఎవరు పెట్టారో కానీ, ఆ దారాన్ని ఒక వైపు నుంచే కొలిచాను.

పది రోజులు సెలవు పెట్టాను. పాప బడిలో చెప్పి వచ్చాను. సాయంత్రం విమానానికి ఇద్దరం స్టాండ్‌బైలో ఉన్నాం, నలభై సీట్లు ఖాళీ ఉన్నాయి కాబట్టి ఆ మాట పేరుకే. పాప ఇప్పటికే సూది మన చివర గుచ్చి, ఇంకా ఎక్కకముందే జరపొచ్చా అని ప్రాణం తీస్తోంది. ఎక్కాకే జరపాలని గ్లోబు నా ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

మీరు తిప్పి పంపిన పత్రం నా చేతిసంచీలో ఉంది. చింపలేదు. మీకు ఆ పని ఇష్టమో కాదో, నాకు ఆ దూరం పడుతుందో లేదో, మేమే అక్కడికి వచ్చేయాలో, ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చుకుందాం. ఈసారి "నాకేం" అనను. అన్నానంటే నా చెవులు చూడండి.

ఈ ఉత్తరం కూడా మేమెక్కే విమానంలోనే, కంపెనీ కాగితాల సంచీలో వస్తుంది. ఆ సంచీ విప్పి, వేరుచేసి, మీ బల్ల మీదికి తెచ్చేసరికి ఒక పూట పడుతుంది. అంటే మీరిది చదివేలోపు నేను మీ ఎదురుగా ఉంటాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా నిలబడి తప్పు నాదని చెప్పడం నా వల్ల కాదు. నేను వచ్చి ఏమీ ఎరగనట్టు, "టీలో పంచదార వేసుకోండి" అని సణుగుతుంటాను. మీరు ఊఁ, ఆఁ అంటుంటారు. తర్వాత ఎప్పుడో ఇది మీ చేతికి వస్తుంది. చదివినట్టు చెప్పొద్దు. నాకు తెలిసిపోతుంది.

ఆవిడని కలుస్తాను. దుప్పటి లెక్క నేర్పుతాను, చార్టు ఎలా చూస్తుందో నేనూ నేర్చుకుంటాను. బాగుంటుందన్నారు కదా, ఎంత బాగుంటుందో కూడా చూస్తాను. కుళ్ళు తగ్గిందని అనుకోకండి, ఆరోగ్యంగా ఉంది.

సూది, నల్లదారం ఉండ సంచీలో పెట్టుకున్నాను. నేను రాగానే ఆ కోటు విప్పి ఇటివ్వండి.

మీ
కొలబద్ద